మాస్టారి అభ్యంతరం

మాస్టారు పోయారని ఆయన మేనల్లుడు ఫోను చేసినప్పుడు నేను గరివిడి వెళ్ళే బస్సులో ఉన్నాను. ఇంజను రొదలో సగం మాటలు వినపడలేదు. "మావయ్య... తెల్లారగట్ల... నిద్దట్లోనే" అన్న మూడు ముక్కలు మాత్రం వినపడ్డాయి. "అయ్యో" అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, మనవరాలికని కొన్న బిస్కట్ పాకెట్టు తిరగేసి వెనకవైపు చదవడం మొదలుపెట్టాను. గోధుమపిండి, పంచదార, ఏదో నూనె, ఏవేవో అంకెలు. పక్కసీటాయన నావైపు అదోలా చూశాడు. ఈ జబ్బు నాకు మాస్టారి దగ్గర అంటుకున్నదే.

శ్రీకూర్మం పక్కనున్న హైస్కూల్లో ఆయన తెలుగు పండితులు, నేను ఇంగ్లీషు. ఆయన ఎప్పుడు పుట్టారు, ఎన్నేళ్ళు పనిచేశారు, ఎన్ని శాలువాలు కప్పించుకున్నారు అన్నవి సంతాపసభలో ఎవరో ఒకరు చెప్తారు. నాకు గుర్తున్నది ఆయన చదవడం. అచ్చులో ఏది కనిపించినా చదివేవారు. సబ్బు మీది కాగితం, అగ్గిపెట్టె అడుగు, బస్సు టిక్కెట్టు వెనక, జ్వరం మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా ఉండే సన్నకాగితం. నల్లదారం కట్టిన కళ్ళజోడొకటి, చొక్కా జేబులో చిన్న భూతద్దం ఒకటి. స్టాఫ్‌రూములో ఎవరైనా మిక్చరు పొట్లం విప్పితే ముందు పొట్లం ఆయన చేతికి వెళ్ళేది. అది చదివి, కళ్ళకద్దుకుని, అప్పుడు "ఊఁ, తినండి" అనేవారు. ఆలోగా మాకు ఆకలి చచ్చిపోయేది.

కుర్రాళ్ళు ఆయన్ని లేబుల్ పంతులనేవారు. మేమూ తక్కువ తినలేదు. ఒకసారి ఒక గడుసువాడు ఆరో తరగతి గదిలోంచి ఫినాయిలు సీసా స్టాఫ్‌రూముకి తెచ్చి, "పద్యమేటైనా ఉన్నాదేటో సూడండి మాస్టారూ" అని ఆయన ముందు పెట్టాడు. అందరం పగలబడి నవ్వాం. ఆయన మాత్రం భూతద్దం తీసి, ఆ సీసా మొత్తం చదివి, "ఇది ఆరో తరగతి గదిలో ఎందుకుందిరా?" అని వెళ్ళి దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇంకో చాదస్తం ఉండేది. బియ్యం కిలోకి మించి కొనేవారు కాదు. వారానికి రెండుసార్లు గుడ్డసంచీ పట్టుకుని కొట్టుకి వెళ్ళేవారు. ఒక్కమనిషి వంట, ఎంత తింటారులే అనుకునేవాణ్ణి. భార్య పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. బియ్యానికి పురుగు పట్టకుండా వేసే గోళీల విషం గదిలో కమ్ముకుని ఆవిడ పోయిందని బడిలో అందరికీ తెలుసు. పొట్లం మీద అంతా ఇంగ్లీషే ఉందనీ, పాపం తెలుగు పండితుడికి ఏం తెలుస్తుందనీ చెప్పుకునేవాళ్ళం. ఆయన ఎన్నడూ కాదనలేదు.

ఇద్దరం రిటైరయ్యాం. ఆయన ఆ ఊళ్ళోనే ఉన్నారు, నేను శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాను. రాష్ట్రం విడిపోయిన మూడు నాలుగేళ్ళకి, ఒక ఆదివారం పొద్దున్న, మాస్టారు పేపరు కత్తిరింపు ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చారు. అగ్గిపెట్టెంత వార్త. పురుగుమందుల మీద ఎప్పుడో మా చిన్ననాటి చట్టం తీసేసి కేంద్రం కొత్త చట్టం తెస్తోందట. ముసాయిదా తయారైందట. ఫలానా గడువులోగా ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చునట.

"ఎవరైనా అన్నాడోయ్ ఇంగ్లీషూ!" అన్నారు. నన్ను అలాగే పిలిచేవారు, సబ్జెక్టు పేరుతో.

"అంటారు మాస్టారూ. పెళ్ళి శుభలేఖలో కూడా అందరూ రండని వేస్తారు."

"వేస్తే వెళ్ళాలి కదా."

నెట్ సెంటరుకి తీసుకెళ్ళి ముసాయిదా ప్రింటు తీయించాను. హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఆయన కట్టంతా తిరగేసి, "అభ్యంతరం చెప్పమన్నాడు గానీ దేనికి చెప్పాలో మన భాషలో చెప్పలేదు. ఇదే మొదటి అభ్యంతరం, రాసుకో" అన్నారు.

అలా మొదలైంది. రోజూ ఆటోలో వచ్చేవారు. నేను ఒక్కో వాక్యం అర్థం చెప్పేవాణ్ణి, ఆయన తెలుగులో రాసి, నచ్చనిచోట అభ్యంతరం విడిగా రాసుకునేవారు. ఆయన తెలుగు సామాన్యమైందా! లైసెన్సుని అనుజ్ఞాపత్రం చేశారు. ఇనస్పెక్టరుని పర్యవేక్షణాధికారి చేశారు. ఒకచోట ఒక్క సమాసం వరస మొత్తం ఆక్రమించింది. "లైసెన్సు అంటే అందరికీ తెలుస్తుంది కదా మాస్టారూ" అంటే, "చట్టమన్నది నాలుగు కాలాలు నిలవాలోయ్" అని కసిరారు. మా ఆవిడ టీ కప్పులు పెడుతూ, "మీ ఇద్దరికీ ఈ వయసులో ఇదేం సంబడం" అని వెళ్ళిపోయేది. నిజం చెప్పొద్దూ, నాకూ విసుగ్గానే ఉండేది. అయినా మా ఇంట్లో కూర్చుని భోంచేసి వెళ్తున్నారు కదా, ఒంటరి మనిషి అని ఊరుకున్నాను. నేనేదో ఉపకారం చేస్తున్నానని నాకో గర్వం.

తెలుగు చెయ్యడం అయ్యాక ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. దీన్ని పదిమందికీ చదివి వినిపించి, వాళ్ళ అభ్యంతరాలు కూడా రాయించి పంపాలి. సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. ప్రతి కార్తీకంలో ఆయన అక్కడి రామకోవెల్లో పురాణం చెప్పేవారు. ఆ అలవాటుతో కబురుపెట్టారు, ఫలానా రోజు సాయంత్రం చట్టం చదువుతాను, అందరూ రండని.

జనం వచ్చారు. మగవాళ్ళు సగం మంది చేపలవేట కూలికి వెళ్ళి గుజరాత్ బోట్ల మీద ఉన్నారు, అందుకని ముసలివాళ్ళూ ఆడవాళ్ళే ఎక్కువ. తలస్నానం చేసి వచ్చారు. కొబ్బరికాయలు తెచ్చారు. పీట మీద కొత్త తువ్వాలు పరిచి దాని మీద మా జిరాక్సు కట్ట పెట్టారు. ఒకావిడ ముందుకొచ్చి, మాస్టారు వద్దు వద్దంటున్నా, పసుపూ కుంకం పెట్టేసింది. భారత ప్రభుత్వంవారి ముసాయిదాకి బొట్టు పెట్టడం నేను కళ్ళారా చూశాను.

మాస్టారు గొంతు సవరించుకుని మొదటి అధ్యాయం ఎత్తుకున్నారు. ఏళ్ళ తరబడి పురాణం చెప్పిన గొంతు, ఆ కోవెల మైకు ముందు కూర్చుంటే ఇంకోలా పలకదు. నిర్వచనాలు రాగంలో వచ్చాయి. శిక్షల దగ్గరికి వచ్చేసరికి గొంతు గంభీరమైంది. ఒక సెక్షను ముగించి ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. "గోవిందా!" అన్నారు జనమంతా ఒక్కసారిగా, చేతులెత్తి.

"గోవిందా అనకూడదర్రా. ఇది చట్టం. అర్థం కాకపోతే అడగండి, నచ్చకపోతే నచ్చలేదనండి."

"అలాగే పంతులుగోరూ" అన్నారు. తర్వాతి సెక్షను అయ్యాక మళ్ళీ గోవిందా అన్నారు. నేను కండువా నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక చచ్చాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

లేబుళ్ళ అధ్యాయం వచ్చింది. అది ఆయన ప్రాణం. ప్రతి డబ్బా మీదా, ప్రతి పొట్లం మీదా స్థానిక భాషలో, బియ్యపుగింజంత అక్షరాలతో రాయాలని మనందరం అడగాలని వివరంగా చెప్పారు. అంతా తలలూపారు. అప్పుడు మూల కూర్చున్న సూరమ్మ లేచింది. ఎండుచేపలు గంపకెత్తుకుని శ్రీకాకుళం వీధుల్లో అమ్మే మనిషి, మా వీధికీ వచ్చేది.

"పంతులుగోరూ, ఓ మాటడుగుతాను, కోపం సెయ్యకండి. మాకు సదువు లేదు. సేపల మీద ఈగలు వాలకండా కొట్టోడు ఏ పొడి సల్లమంటే ఆ పొడి సల్లుతన్నాం. డబ్బా మీద పెద్దచ్చరాలు రాయమంటన్నారు, బాగానే ఉన్నాది. రాస్తే మాత్రం ఎవులు సదువుతారు? సదువుకున్నోరు మీరు సెప్పండి. మీరు సదివే వాడతారేటి?"

ఎవరో "ఒసే, కూకో!" అన్నారు. మాస్టారు కళ్ళజోడు తీశారు. పంచె అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు. కట్ట మూసేసి, "ఇవాల్టికి ఇంతేనమ్మా" అన్నారు. గోవిందా అన్నారు జనం. వరసగా వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టి, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారు. అభ్యంతరాలు రాసుకుందామని నేను తెచ్చిన తెల్లకాగితాల మీద ఒక్క సంతకం పడలేదు.

బస్సు కోసం సరుగుడు తోటల పక్కనుంచి మైలు దూరం నడిచాం. ఇంకా వెలుతురుంది. ఉన్నట్టుండి, "తెలుగులో ఉందోయ్" అన్నారు.

"ఏది మాస్టారూ?"

"ఆ పొట్లం మీద. తెలుగులోనే ఉంది."

నేను ఆగిపోయాను. ఆయన ఆగలేదు, నడుస్తూనే చెప్పారు.

"బియ్యం పురుగు పడుతోందంటే కొట్టువాడు ఇచ్చాడు. డబ్బాలో పడేసి మూతెట్టేయండి, ఇంకేటీ సూసుకోనక్కర్లేదన్నాడు. విజయనగరంలో స్పాట్ వాల్యుయేషను, బస్సుకి టైమైపోతోంది. పడేసి వెళ్ళిపోయాను. పొట్లం చదవడానికెంతసేపోయ్? అరనిమిషం. అక్కడ రోజంతా కూర్చుని ఊళ్ళోవాళ్ళ పిల్లలు రాసింది చదివాను. రాత్రి ఇక్కడ గాలివాన. ఆవిడ తలుపులూ కిటికీలూ బిగించుకుని, ఆ డబ్బా ఉన్న గదిలోనే పడుకుంది. తర్వాత పోలీసులు పొట్లం చూపించారు. మనుషులు పడుకునే గదుల్లో వాడరాదు అని ఉంది. అచ్చుతప్పులు కూడా లేవోయ్."

నాలుగంగల్లో ఆయన్ని అందుకున్నాను. "మీ తప్పేముంది మాస్టారూ" అన్నాను.

ఆయన చటుక్కున నావైపు తిరిగారు. అంత కోపం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. "నువ్వూ అదే అన్నావూ! స్టేషనులో నేనే వేశానండీ అంటే ఆ రైటరు, మీరు బాధలో ఉన్నారు మాస్టారూ, ఊరుకోండన్నాడు. ప్రమాదవశాత్తు అని రాసేశాడు. బావమరుదులు నోరెత్తనివ్వలేదు. ఊరంతా విధి అన్నారు. అందరూ మంచివాళ్ళేనోయ్, ఒక్కడు తిట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక్క కాగితం మీదైనా ఉండాలి, నేనే వేశానని."

కిలో బియ్యం సంగతి నాకప్పుడు తెలిసింది. డబ్బా అన్నది ఇంట్లో ఉంచుకోలేకపోయారు.

రెండు రోజుల తర్వాత మా అభ్యంతరాల చివర అతికించమని ఆయన ఒక కాగితం తెచ్చిచ్చారు. ఒకే పేరా. సమాసం ఒక్కటి లేదు. అది ఆయన రాసిందేనా అనిపించింది. "ఇంగ్లీషు చేసి పంపెయ్" అని వెళ్ళిపోయారు, భోజనానికి కూడా ఆగలేదు.

గడువు మర్నాటితో అయిపోతుంది. రాత్రికి కూర్చుని అన్నీ ఇంగ్లీషు చేశాను. ఆ పేరా దగ్గర ఆగాను. పైనంతా తెలుగులో పెద్ద అక్షరాలు కావాలని అడిగాం. ఈ పేరా ఏమో అక్షరాలుంటే మాత్రం ఏం లాభమంటోంది. ఢిల్లీలో ఆఫీసరు చూస్తే, పైన అడిగినదాన్ని కింద వీళ్ళే కొట్టేసుకున్నారే అని నవ్వుతాడు. పైగా ఇది తప్పు ఒప్పుకోవడం. ముగిసిపోయిన కేసు ఎవడైనా మళ్ళీ తవ్వితే? ముప్ఫై ఏళ్ళు పిల్లల వ్యాసాల్లో అనవసరమైన పేరాలు కొట్టేసిన చెయ్యి నాది. ఆ పేరా వదిలేసి మిగతావి పంపేశాను. ఆయన్ని అడిగితే వాదన పెట్టుకుంటారని అడగలేదు. తెలివైన పని చేశాననే అనుకున్నాను.

ఆదివారం వచ్చారు. "చదువు" అన్నారు. కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఒక్కో అభ్యంతరం ఇంగ్లీషులో చదివి, తెలుగులో అర్థం చెప్పాను. ప్రతిదానికీ చిన్నగా తలాడించారు. చివరి కాగితంలో సగం దాకా వచ్చి అయిపోయింది. కింద అంతా తెల్లగా ఉంది.

ఆయన ఎదురుచూస్తున్నారు.

నేను ఆ తెల్లకాగితం వైపు చూస్తూ చదవడం మొదలుపెట్టాను. ఆయన రాసిన తెలుగు నాకు నోటికి వచ్చేసింది. దాన్ని వాక్యం తర్వాత వాక్యం ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. నా సర్వీసు మొత్తంలో అంత మంచి ఇంగ్లీషు నేను మాట్లాడలేదు. భాష రాకపోయినా, ఏ వాక్యం నడుస్తోందో ఆయనకి తెలుస్తూనే ఉంది. పెదవులు కదుపుతున్నారు.

"నేనే వేశానని ఉందా?"

"ఉంది మాస్టారూ."

"దాన్ని ఎలా అంటారు?"

"ఐ పుట్ ఇట్ దేర్."

"ఐ పుట్ ఇట్ దేర్" అన్నారు. మళ్ళీ అన్నారు. మూడోసారి ఒక్కో మాటా విడివిడిగా అన్నారు. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ తొంగిచూసి వెనక్కి వెళ్ళిపోయింది. "అక్కడ ఒక్కడైనా చదువుతాడు కదోయ్?"

"చదువుతాడు మాస్టారూ. చదవడమే వాళ్ళ ఉద్యోగం."

ఆ రోజు మా ఇంట్లో కడుపునిండా తిన్నారు. మారు వడ్డించుకున్నారు. వంకాయకూర బాగుందని మా ఆవిడతో చెప్పారు, అలాంటి మాట ఆయన నోట అదే మొదటిసారి. ఆ నెలలోనే ఆయన ఐదు కిలోల సంచీ కొన్నారని మేనల్లుడు చెప్పాడు. అది విన్నాక నిజం చెప్పే ధైర్యం నాకు పూర్తిగా పోయింది.

చెప్పలేకపోవడం ఒక ఎత్తు. ఆయన్ని చూడలేకపోవడం ఇంకో ఎత్తు. ఆదివారాలు ఏదో పని పెట్టుకుని బయటికి పోయేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులన్నాను, మనవరాలన్నాను, ఊళ్ళో లేనన్నాను. ఆయన రెండు మూడుసార్లు వచ్చి, వరండాలో కాసేపు కూర్చుని, వెళ్ళిపోయారట. తర్వాత రావడం మానేశారు. ఆయనకి ఊరటనిచ్చిన అబద్ధం నాదే, ఆ అబద్ధం కోసం ఆయన్ని ఒంటరిని చేసిందీ నేనే. నాలుగు నెలలకో ఐదు నెలలకో ఒకసారి ఫోను మాత్రం చేసేవారు.

"ఏమోయ్ ఇంగ్లీషూ, ఢిల్లీ నుంచి ఏమైనా వచ్చిందా?"

"ఇంకా లేదు మాస్టారూ."

"పోనీలే. పెద్ద ఆఫీసు."

ఆ ముసాయిదా చట్టం కాలేదు. కొన్నాళ్ళకి దాన్ని మార్చి ఇంకో ముసాయిదా తెచ్చారని పేపర్లో పడింది. ఆ పొద్దున్నే ఫోను మోగింది.

"మనది మళ్ళీ పంపాలేమోనోయ్. పాత కాగితాలు వాళ్ళ దగ్గర ఉంటాయంటావా?"

దేవుడనేవాడుంటే, ఆ ఉదయం నాకు రెండో అవకాశం ఇచ్చాడు. మళ్ళీ పంపుదాం మాస్టారూ అంటే సరిపోయేది. ఆ పేరా అప్పుడు కలిపెయ్యొచ్చు, ఆయనకి తెలిసేది కూడా కాదు. కానీ ఆయన మా ఇంటికొస్తారు, కళ్ళు మూసుకుని ఎదురుగా కూర్చుంటారు. ఆ కూర్చోవడం తలుచుకుంటే నాకు భయమేసింది.

"ఉంటాయి లెండి" అన్నాను. "ఫైల్లో ఉన్నది ఎక్కడికి పోతుంది?"

"అయితే సరే" అన్నారు. అదే ఆయనతో నా ఆఖరి మాట.

గరివిడిలో బస్సు దిగానుగానీ అమ్మాయింటికి వెళ్ళలేదు. ఎదురుగా వచ్చిన బస్సెక్కాను. విజయనగరంలో ఒక బస్సు, శ్రీకాకుళంలో ఒక ఆటో మారి మాస్టారింటికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. బంగారంలాంటి మనిషి అన్నారు. ఎవరికీ అపకారం చెయ్యలేదన్నారు. పాపం, భార్య విషయంలో విధి చిన్నచూపు చూసిందన్నారు. నేనూ అక్కడే నిలబడ్డాను. ఈసారైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం తీశాను. నేను ఎవరికీ పంపని ఆ పేరా, ఆయన రాసింది రాసినట్టు ఇది.

"అయ్యా, నేను తెలుగు పండితుణ్ణి. బియ్యం డబ్బాలో ఆ గోళీలు వేసింది నేను. పొట్లం మీద తెలుగులో రాసి ఉంది. నేను చదవలేదు. నా భార్య చనిపోయింది. చదవడమే పనిగా బతికిన నేనే చదవలేదు కాబట్టి, చదువుతారులే అని మా మీద వదలకండి. ఆ సరుకు ఊళ్ళో కొట్టువాడి చేతికి రానివ్వకండి. ఇది నా అభ్యంతరం."